కచ్చేరి కాడ ఆగాల్సింది ఇంట్లోకి వచ్చింది

మా షాపు కడపలో ఏడు రోడ్ల కాడ నుంచి కొంచెం లోపలికి పోతే వస్తాది. జిరాక్సు, ప్రింటవుట్లు, లామినేషన్, పాస్‌పోర్ట్ ఫారాలు, స్కాలర్‌షిప్పులు, హాల్‌టికెట్లు, బస్సు టికెట్లు, ఏదుంటే అది. పొద్దున షట్టర్ ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా నేను చేసే పని ఒకటే, జనం తెలుగులో చెప్పేదాన్ని ఇంగ్లీషు గడుల్లో కొట్టడం. ఒకాయన వచ్చి "మా నాయన పోయి రెండేండ్లాయ, భూమి ఇంగా మా పేరు మీదికి రాలా, ఏం జెయ్యాల సామీ" అంటాడు, ఆ మాటను నేను మ్యుటేషన్, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అని ముక్కలు చేసి స్క్రీన్ మీద పెడతా, ఆయన ఓటీపీ చెప్తాడు, అదొక్కటీ మాత్రం ఇంగ్లీషులోనే చెప్తాడు, ఫోర్ సెవెన్ జీరో టూ అని.

అంటే నాకు అన్నం పెట్టేది ఇంగ్లీషే. అది రానోళ్ళు ఉండబట్టే నా షాపు నడుస్తాంది. కాబట్టి ఇంగ్లీషు వచ్చి తెలుగును మింగేసింది, సంస్కృతి మంటగలిసింది అని నేను గుండెలు బాదుకుంటే చూసేవాళ్ళు నవ్వుతారు. నా బాధ వేరే, దానికి వస్తా గానీ ముందు కౌంటర్ కాడ నాకు కనిపించేది చెప్తా.

పేర్ల సంగతి. బయటోళ్ళకు ఇది చిన్న విషయంగా కనపడుతాది, మా కాడ సగం గొడవలు ఇవే. తెలుగులో త వేరు ట వేరు, ద వేరు డ వేరు, న వేరు ణ వేరు, ల వేరు ళ వేరు, దీర్ఘం ఉంటే ఒక మనిషి లేకుంటే ఇంకో మనిషి. ఇంగ్లీషులో ఇవన్నీ ఒక్క అక్షరంలోనే సర్దుకోవాల. అందుకే లక్ష్మి అనే పేరును ఎక్స్ పెట్టి రాసేటోళ్ళు ఉండారు, కె ఎస్ హెచ్ పెట్టి రాసేటోళ్ళు ఉండారు, చివర ఐ ఒకరు, డబుల్ ఈ ఒకరు, వై పెట్టినోళ్ళను కూడా చూసినా. ఓబులేసు అని ఒకాయన ఉండాడు అనుకోండి, టెన్త్ సర్టిఫికెట్లో ఒక స్పెల్లింగు, బ్యాంకులో ఓబులేష్, ఓటరు కార్డులో ఇంకొకటి, భూమి పాసుపుస్తకంలో చక్కగా తెలుగులో ఓబులేసు, ఇంటిపేరు ఒక తావ మొత్తం ఉంటాది, ఒక తావ పొడి అక్షరం, ఒక తావ అసల్లేదు, ఒక తావ వెనక్కిపోయి పేరు తర్వాత కూర్చుంది. మనిషి ఒకడే, కంప్యూటర్ లెక్కలో నలుగురు. ఇంగ ఆయన నోటరీ కాడికి పోయి ఈ నలుగురూ నేనేనయ్యా అని అఫిడవిట్ చేయించుకోవాల, తహసీల్దార్ ఆఫీసులో ఇద్దరూ ఒకరే అనే సర్టిఫికెట్ కోసం అర్జీ పెట్టుకోవాల. మా నాయన పెట్టిన పేరే నాది అని రుజువు చేసుకోడానికి దుడ్లు కట్టే కాలం.

దీనికి తోడు ఇంగ్లీషులో కొట్టిన పేరును మిషనే మళ్ళీ తెలుగులోకి మార్చే పద్ధతి ఒకటి ఉండాది. పోయేటప్పుడు దీర్ఘం రాలిపోతాది, వచ్చేటప్పుడు అది తిరిగి రాదు. రామారెడ్డి పోయి రమరెడ్డి అయి వస్తాడు. నాగమ్మ నగమ్మ అవుతాది. చూపిస్తే "ఏమో సార్, అట్లే పడింది, పోనీలే" అంటారు. ముసలోళ్ళు పోనీలే అంటారు సరే, పిల్లోళ్ళు ఇంకో అడుగు ముందుకేసి ఆ స్పెల్లింగును బట్టే తమ పేరు పలుకుతాండారు. ఓబులేసు మనవడికి జేజినాయన పేరు పెట్టుకుంటే వాడు కాలేజీకి పోయేసరికి ఓబీ అయినాడు.

మా సీమలో దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డకు హిందువులు కూడా మస్తానమ్మ, దస్తగిరి, పీరయ్య, హుసేనప్ప అని పెట్టుకుంటారు. ఇప్పుడు బర్త్ సర్టిఫికెట్లు ప్రింట్ తీస్తాంటే ఆ పేర్లు కనపడటం లేదు. వాటి తావలో వచ్చినవి ఇంగ్లీషు పేర్లు కూడా కాదు, పలకడానికి నోరు తిరగని, అర్థం అడిగితే గూగుల్ చూసి చెప్పే పేర్లు. నక్షత్రం చూసి పంతులు మొదటి అక్షరం తెలుగులో చెప్తాడు, తర్వాత న్యూమరాలజీ ఆయన ఇంగ్లీషు అక్షరాలు లెక్కేసి ఒక ఏ ఎక్కువ పెట్టమంటాడు. బిడ్డ పేరుకు జాతకం తెలుగులో, అదృష్టం ఇంగ్లీషులో. ఆ ఎక్కువ పెట్టిన ఏ వల్ల ఇరవై ఏండ్ల తర్వాత ఎవరో ఒకరు నా మాదిరోడి షాపుకు వచ్చి కూర్చుంటారు, రాసిపెట్టుకోండి.

మనుషులదేముంది, ఊరికే దిక్కు లేకపోయె. సి యు, రెండు డిలు, ఎ పి ఎ హెచ్, ఇదీ 2005 దాకా ఇంగ్లీషులో మా ఊరు. తెల్లోడి చెవికి అట్ల వినపడింది, వాడు అట్ల రాసుకున్నాడు, వాడు పోయిన యాభై ఏండ్లకు పైగా మనమూ అట్లే రాసినాం. 2005లో స్పెల్లింగ్ మార్చినారు గానీ పాతది పూర్తిగా పోలేదు, భూమి లోపలి రాళ్ళ గురించి చదివేటోళ్ళు ఇప్పటికీ ఈ ప్రాంతపు రాతిపొరలను ఆ పాత స్పెల్లింగుతోనే రాస్తారు. ముంబై సైడు ఇండ్లలో వంటగట్టుకు పరిచే నల్లరాయిని "కడప్పా" అంటారు, అంటే మన ఊరు అక్కడ ప్రతి వంటింట్లో ఉండాది, ఎవరికీ తెలియకుండా. సినిమా వ్యాపారమోళ్ళకైతే ఇప్పటికీ మనం "సీడెడ్". 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, ఇచ్చేస్తే పడిన పేరు అది, ఇచ్చేసినవి అని. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అనే పేరు ప్రతిపాదిస్తే అది నిలబడింది, ఐనా శుక్రవారం కలెక్షన్లు రాసేటప్పుడు సీడెడ్ ఎంత అనే అడుగుతారు. మన ఫ్యాన్సు కూడా గొప్పగా చెప్పుకుంటారు, సీడెడ్ రికార్డు మాదే అని!

ఐతే ఆఫీసు భాష మనది కాకపోవడం ఇంగ్లీషుతో మొదలైంది కాదు. ఇది మయానా నవాబులు ఏలిన ఊరు, వాళ్ళ తర్వాత హైదరలీ, టిప్పు, నిజాము. పైనున్న నా సోదిలోనే చూడండి, అర్జీ అన్నా, తహసీల్దార్ అన్నా. జిల్లా, తాలూకా, వకీలు, ఖాతా, రశీదు, హాజరు, జప్తు, వసూలు, బాకీ, దరఖాస్తు, ఇవన్నీ పారసీ ద్వారానో ఉర్దూ ద్వారానో కచ్చేరి, అంటే సర్కారు ఆఫీసు, మెట్లెక్కి వచ్చి కూర్చున్నవే. భూమి లెక్కల్లో ఈ రోజుకూ ఫసలీ సంవత్సరం రాస్తారు. మా అమ్మ "రశీదు భద్రంగా పెట్టురా" అంటాది, అది మన మాట కాదమ్మా అంటే "నీకేం తెలుసు పోరా" అంటాది. ఆమె చెప్పిందే కరెక్టు, ఇన్నేండ్లు వాడినాక అది ఎవరి మాట ఐతేనేం.

ఈ కచ్చేరి మాటలు పోగేసి పుస్తకం వేసింది కూడా ఒక తెల్లోడే. బ్రౌను దొర. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చినాడు, ఇక్కడే బంగళా కొన్నాడు, తన జీతంలో నుంచి పండితులకు జీతాలిచ్చి పాత తాటాకు ప్రతులు సేకరించి శుద్ధి చేయించినాడు, 1829లో వేమన పద్యాలు అచ్చేసినాడు, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చినాడు. ఇవన్నీ అందరికీ తెలిసినవే, ఆ బంగళా ఉన్న తావలోనే ఎర్రముక్కపల్లిలో ఆయన పేరుతో లైబ్రరీ ఉండాది, ఇప్పుడు యోగి వేమన యూనివర్సిటీ కింద నడుస్తాంది. జనం అంతగా చెప్పుకోనిది ఏందంటే, ఆయనే 1854లో మిశ్రభాషా నిఘంటువు అని ఇంకొకటి వేసినాడు, తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు ప్రత్యేకంగా. కచ్చేరిలో కూర్చునే దొరకు జనం చెప్పేది అర్థం కావాల కదా. నేను చేసే పనికి ఆయన ఒక డిక్షనరీ రాసిపెట్టినాడు అనుకోండి, కాకపోతే ఇటు నుంచి అటు కాదు, అటు నుంచి ఇటు.

ఇంకో సంగతి, ఆయన తెలుగు నేర్చుకుంది మొదట ప్రేమతో కాదు. మద్రాసులో కంపెనీ కాలేజీలో తెలుగు పరీక్ష పాసైతేనే ఇక్కడ ఉద్యోగం. ప్రేమ తర్వాత పుట్టింది. మన పిల్లోళ్ళు ఇంగ్లీషు నేర్చుకునేది కూడా జీతం కోసమే కదా, దాంట్లో తప్పు పట్టాల్సింది ఏముందో నాకు అర్థం కాదు. దొర జీతం కోసం నేర్చుకుంటే భాషా సేవ, రైతు కూతురు జీతం కోసం నేర్చుకుంటే బానిసత్వమా.

మరి కచ్చేరిలో తెలుగు లేదా అంటే ఉండాది, దస్తావేజుల్లో ఉండాది. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజు లేఖరులు రాసే తెలుగు ఎప్పుడన్నా చదివినారా? "పుత్ర పౌత్ర పారంపర్యముగా", "దానాది వినిమయ విక్రయములకు", "ఆచంద్రార్కము". సెంటు భూమి అమ్ముకునే ఆయన దాన్ని వింటూ తలూపుతాంటాడు, ఒక్క ముక్క అర్థం కాదు, వేలిముద్ర ఎక్కడ వెయ్యాల అని అడుగుతాడు. ఆయనకు ఆ తెలుగూ నా స్క్రీన్ మీది ఇంగ్లీషూ ఒకటే దూరం. తెలుగు తెలుగు అని పోరాడేటోళ్ళు ఈ ముక్క కొంచెం ఆలోచించాల.

ఒకప్పుడు మాత్రం కచ్చేరి వాళ్ళు మన మాటలో రాసినారు. ఎర్రగుంట్ల కాడ కలమళ్ళ, ఆర్టీపీపీ అంటే అందరికీ తెలుస్తాది, థర్మల్ కరెంటు తయారుచేసే చోటు, ఆ ఊరి చెన్నకేశవస్వామి గుడి కాడ ఉన్న శాసనం. రేనాటి చోళుడు ఎరికల్ముత్తురాజు ధనంజయుడిది, క్రీ.శ. 575 నాటిదని లెక్క కట్టినారు, ఇప్పటిదాకా దొరికిన వాటిలో మొదటి తెలుగు శాసనం అదే. అంతకుముందు తెలుగు నేలను ఏలిన రాజులు ఎక్కువగా సంస్కృతంలోనో ప్రాకృతంలోనో చెక్కిస్తే మా జిల్లా ఆయన జనం మాట్లాడేది చెక్కించినాడు. గొప్పే కదా. కాకపోతే ఆ ఊరి స్టాపులో బస్సు దిగే పిల్లోళ్ళను ఆపి అడగండి, కలమళ్ళ అంటే ఏందని, కరెంటు ఫ్యాక్టరీ అంటారు. ఆ పిల్లోళ్ళది తప్పు కాదు, టెక్స్ట్‌బుక్కులో ఒక లైను ఉంటాది, దాన్ని బిట్ కింద బట్టీ కొడతారు, ఆ ఊరు తమ పక్కదే అని వాళ్ళకు తట్టదు.

ఇంగ నేను చెప్పాలనుకున్నది. పారసీ గానీ, దస్తావేజు తెలుగు గానీ, తెల్లోళ్ళ కాలపు ఇంగ్లీషు గానీ, ఇవన్నీ కచ్చేరి గేటు కాడనే ఆగిపోయినాయి. కొన్ని మాటలు జనంలో కలిసినాయి, అంతే. ఇంట్లో బిడ్డకు బువ్వ పెట్టే అమ్మ నోట్లోకి అవి దూరలేదు. ఎందుకంటే గేటు కాడ ఒక మధ్యమనిషి ఉండేటోడు. కరణం, గుమాస్తా, వకీలు, అర్జీలు రాసే ఆయన. జనం వాళ్ళ మాట చెప్పేటోళ్ళు, ఆయన కచ్చేరి మాటలోకి మార్చేటోడు, దుడ్లు తీసుకునేటోడు, ఒక్కోసారి మోసం కూడా చేసేటోడు. నేను ఆ వంశంలో చివరోడిని.

ఇప్పుడు ప్రతి ఇల్లూ ఆ మధ్యమనిషి మా బిడ్డే కావాల అనుకుంటాంది. ఇదే తేడా. చదువు అందరికీ వచ్చింది, ఉద్యోగం ఆశ అందరికీ వచ్చింది, కాబట్టి కచ్చేరి భాష కూడా అందరి ఇండ్లకూ వచ్చింది. 2019 నవంబరులో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అని జీవో ఇస్తే ఎంత రచ్చ అయింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది, కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, టీవీల్లో పెద్దమనుషులు మాతృభాష గురించి మాట్లాడినారు. వాళ్ళ మనవళ్ళు ఏ మీడియమో ఎవరూ అడగలా. అదే టైములో తల్లిదండ్రుల కాడ ఆప్షన్లు తీసుకుంటే నూటికి తొంభై మందికి పైగా ఇంగ్లీషే రాసిచ్చినారు. వాళ్ళు ఏమీ తెలియక రాసిచ్చినారు అంటే నేను ఒప్పుకోను. వానలు లేక చెనిక్కాయ పోయి, బోరు ఎండి, అప్పు మిగిలినోడికి బిడ్డ చదువొక్కటే దారి, ఆ దారి మీద బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉండాయి. నీట్ 2017 నుంచి తెలుగులో రాయొచ్చు, జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో రాయొచ్చు, రూలు ఉండాది, రాసేటోళ్ళు శానా తక్కువ. పుస్తకాలు యాడుండాయి, కోచింగు యాడుండాది, పాసైనాక కాలేజీలో పాఠం ఏ భాషలో చెప్తారు? చివరి మెట్టు ఇంగ్లీషులో పెట్టి మొదటి మెట్టు తెలుగులో ఎక్కు అంటే ఎవరు ఎక్కుతారు. ఒకామె నా కౌంటర్ కాడ నిలబడే చెప్పింది, "నా కూతురు నీ మాదిరి కుర్చీలో కూర్చోవాల నాయనా, నా మాదిరి నిలబడగూడదు" అని. దానికి నా కాడ జవాబు లేదు, మీ కాడ ఉంటే చెప్పండి.

సరే, గేటు లోపలికి వచ్చింది. వచ్చి ఏం చేస్తాంది?

మా ఇంటి సంగతే చెప్తా. మా పాప రెండో క్లాసు. బడిలో పేరెంట్స్ మీటింగు పెట్టి, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, అప్పుడే ఫ్లూయెన్సీ వస్తాది అన్నారు. మా ఇంటామె ఆ రోజు నుంచి మొదలుపెట్టింది. "ఈట్ చెయ్ నాన్నా", "వాటర్ డ్రింక్ చెయ్", "షూస్ రిమూవ్ చెయ్". ఇది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు, రెండిట్లో దేంట్లోనూ ఒక పూర్తి వాక్యం లేదు. నేను ఒకసారి ఎగతాళి చేస్తే "మీరు ఇంటర్వ్యూల్లో ఇంగ్లీషు రాకనే కదా హైదరాబాదు నుంచి వాపసు వచ్చి షాపు పెట్టుకున్యారు, దాన్నీ అట్లే చేద్దామా" అంది. నోరు మూసుకున్నా. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు.

పాపకు తెలుగు అంకెలు రావు. డెబ్బై ఆరు అంటే ముఖం చూస్తాది, సెవెంటీ సిక్స్ అనాల. మా అమ్మకు, అంటే వాళ్ళ జేజికి, ఇంగ్లీషు అంకెలు రావు. ఇద్దరూ అష్టాచెమ్మా ఆడితే లెక్క నేను చెప్పాల. ఐతే జేజి ఊరికే కూర్చునే మనిషి కాదు, ఈ వయసులో మనవరాలి కోసం ఇంగ్లీషు నేర్చుకుంటాంది. కమ్ రా, సిట్ రా, కర్డు రైసు తింటావా, బాత్రూము పోయొచ్చినావా, స్లీప్ చేద్దాం పా. బడి ముఖం చూడని మనిషి డెబ్బై దగ్గర పడినాక పరాయి భాష మొదలుపెట్టింది, ఏడేండ్ల పిల్ల కోసం. పెద్దామే చిన్నదాని కాడికి నడిచి పోతాంది, చిన్నది ఒక్క అడుగు ఇటు వెయ్యడం లేదు, వెయ్యాలని దానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి.

జేజి కాడ ఉన్నవి ఆ కర్డు రైసు మాటల్లో పట్టవు. కపిల బావి కాడ నీళ్ళు తోడడానికి ఎద్దులను వెనక్కీ ముందుకీ తోలిన సంగతులు, మొబ్బులో లేచి చెనిక్కాయలు పెరకడానికి పోయినప్పుడు పాము కనపడిన కథ, 1952 కరువులో గంజి కేంద్రాల కాడ వరసలో నిలబడినామని వాళ్ళమ్మ ఈమెకు చెప్పినవి. ఈ గంజి కేంద్రాల సంగతి ఏ పుస్తకంలోనో రెండు లైన్లు ఉంటాదేమో, మా ఇంట్లో అది ఎవరు ముందు నిలబడినారు, ఎవరి సట్టి పగిలింది, ఎవరు ఎవరికి సగం పోసినారు అనే దాకా ఉండాది. జేజి మొదలుపెడుతాది, పాప "కపిల అంటే?" అంటాది, చెప్తాది, "బాన అంటే?" అంటాది, చెప్తాది, "గంజి అంటే సూపా?" అంటాది. నాలుగో మాటకు కథ చచ్చిపోతాది. ఇంగ ఇద్దరూ సెల్లు చూస్తారు. జేజికి కూడా యూట్యూబు అలవాటైంది లెండి, కోడిపుంజుల వీడియోలు చూస్తాది.

నాకు కోపమొచ్చేది ఇక్కడ. పాప ఇంగ్లీషు నేర్చుకుంటున్నందుకు కాదు, నేర్చుకోవాల, నాకంటే బాగా నేర్చుకోవాల. బడిలో ఇంగ్లీషు రావాలంటే ఇంట్లో జేజి మాట పోవాల అని ఎవరు లెక్క కట్టినారో వాళ్ళ మీద. కువైట్ పోయొచ్చిన ఆడోళ్ళను చూస్తాండా కదా, ఒక భాష వస్తే ఇంకో భాష పోదు, ఆ ముచ్చట కాసేపాగి చెప్తా.

ఇంకో మాట కూడా చెప్పాల, ఇది కొంతమందికి నచ్చదు. మన మాట మీద సిగ్గుపడటం మాకు నేర్పింది ఇంగ్లీషు కాదు, తెలుగే. ఇంగ్లీషు తర్వాత వచ్చింది. చిన్నప్పుడు బడిలో "యాడికి పోతాండావు" అంటే అయ్యవారు "ఎక్కడికి వెళ్తున్నావు అనాలి" అని బెత్తం చూపించేటోడు. రేడియోలో మా మాట లేదు, టెక్స్ట్‌బుక్కులో లేదు, సినిమాల్లో ఉండాది గానీ కత్తులు పట్టుకున్నోళ్ళ నోట్లో ఉండాది. అమీర్‌పేటలో కోచింగుకు పోయినప్పుడు రూములో తక్కినోళ్ళు కోస్తా వాళ్ళు, నేను "ఎర్రగడ్డలు తేవాల" అంటే పడి పడి నవ్వినారు, హైదరాబాదులో ఎర్రగడ్డ అంటే పిచ్చాసుపత్రి కదా. వారం తిరక్కముందే ఉల్లిపాయలు అనడం నేర్చుకున్నా. ఉర్లగడ్డ పోయి బంగాళాదుంప వచ్చింది, "వస్తాది" పోయి "వస్తుంది" వచ్చింది. ఇంగ్లీషు నేర్చుకోకముందే నా మాట నేను మార్చుకున్నా. అట్ల ఒకసారి మార్చుకున్నోడికి రెండోసారి మార్చుకోవడం కష్టమేమీ కాదు, అలవాటైపోతాది.

ఆగస్టు 29 వస్తే తెలుగు భాషా దినోత్సవం చేస్తారు, గిడుగు రామమూర్తి పుట్టినరోజు. ఆయన జీవితమంతా కొట్లాడింది జనం మాట్లాడే తెలుగు బడిలోకి రావాలని. ఆయన ఫొటోకు దండేసి, మైకు పట్టుకుని, "సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు నమస్సుమాంజలులు" అని మొదలుపెడతారు. వింటాంటే నాకు దస్తావేజు గుర్తొస్తాది. ఈ తెలుగును కాపాడమని మా అమ్మను అడిగితే ఆమె ఎందుకు కాపాడుతాది, అది ఆమెది ఎప్పుడైంది గనక.

పోయిందంతా పోయిందా అంటే, లేదు. వాట్సాప్ వచ్చినాక ఒక వింత జరుగుతాంది. పిల్లోళ్ళు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, అది చూసి పెద్దోళ్ళు తిట్టుకుంటారు గానీ వాళ్ళు కొట్టేది ఇంట్లో మాటే, ఏం చేస్తాన్నావ్, యాడుండావ్ అనే కొడతారు, ఎక్కడున్నావు అని కాదు. ఇంగ చదువురాని ఆడోళ్ళైతే వాయిస్ మెసేజీలు. కువైట్లో ఉన్న కూతురుకు రాయచోటిలో ఉన్న అమ్మ పంపే వాయిస్ మెసేజీ వినాల మీరు, పక్కింటోళ్ళ గొడవ, ఎనుము ఈనింది, వానొచ్చింది, వాళ్ళాయన తాగొచ్చి ఏమన్నాడు, ఒక్క ఆయాసం లేకుండా ఐదు నిమిషాలు. మధ్యలో మూడు సామెతలు. షాపులో స్పీకర్ ఆన్ చేసి వింటారు కొందరు, సిగ్గేం లేదు. ఆ మాటను రాయడానికి ఏ అయ్యవారూ ఒప్పుకునేటోడు కాదు, ఫోను ఒప్పుకుంది.

కువైట్ ఆడోళ్ళ ముచ్చట అన్నా కదా. కడప, రాయచోటి, రాజంపేట, బద్వేలు సైడు నుంచి ఇండ్లల్లో పనికి పోయేటోళ్ళు ఎంతమందో మీకు తెలుసు. వాళ్ళల్లో శానామంది టెన్త్ దాకా చదవనోళ్ళు, అందుకని పాస్‌పోర్ట్ మీద ఇ.సి.ఆర్. అని పడుతాది, అంటే కువైట్ లాంటి కొన్ని దేశాలకు పనికి పోవాలంటే సర్కారు క్లియరెన్సు కావాల. ఈ చదువురానోళ్ళే అక్కడికి పోయిన కొన్నాళ్ళకు అరబ్బీ మాట్లాడుతారు. మామ (వాళ్ళ యజమానురాలిని అట్లే అంటారు) చెప్పింది వినాల, వంట చెయ్యాల, వాళ్ళ పిల్లోళ్ళను పెంచాల, భాష రాకుంటే రోజు గడవదు. పక్కింట్లో పనిచేసే శ్రీలంక ఆమెతోనో బెంగాలీ ఆమెతోనో హిందీలో మాట్లాడుతారు. ఊరికొస్తే మళ్ళా మామూలుగా మా మాటే, ఒక్క అక్షరం తప్పిపోదు. ఇంట్లో వాళ్ళను ఎవరూ మెచ్చుకోరు. అరబ్బీ వచ్చినామె "ఆమెకేం తెలుసు, చదువుకోలా", ఏ బీ సీ డీలు వచ్చిన ఐదేండ్ల పిల్లోడు "మావోడు ఇంగ్లీషులో దంచుతాడు".

మొన్న ఒకామె వచ్చింది, కువైట్లో శానా ఏండ్లు చేసి వచ్చి మళ్ళీ పోవడానికి ఏజెంటుకు బయోడేటా కావాలంట. పేరు, వయసు, పాస్‌పోర్ట్ నంబరు, వచ్చే వంటలు, అన్నీ అడిగి కొడతాండా. వచ్చిన భాషలు అనే గడి కాడికి వచ్చినాక, ఏం రాయాలక్కా అంటే "తెలుగు" అనింది. అరబ్బీ రాదా అన్నా. "అది పని కాడ మాట్లాడేది గదప్పా, దాన్ని గూడా రాస్తారా" అనింది. రాస్తారక్కా, అదే ముందు చూస్తారు అని చెప్పి అరబ్బీ కొట్టినా, హిందీ కొట్టినా. స్క్రీన్ వైపు కొంచెంసేపు చూసి, "ఇంగ్లీషని గూడా రాయి, అది లేకుంటే బాగుండదు" అనింది. వస్తాదా అక్కా అన్నా. "ఓకే, థాంక్యూ, నో ప్రాబ్లం, అంతే గదా ఎవరికైనా వచ్చేది" అనింది.

రాసినా, కొంచెం అని.